సామాన్యుల యింట వీరత్వము

తెలుగు చదివిన యింట పుట్టిన ఆడపిల్లకు ఖడ్గతిక్కన కథ చెప్పని తండ్రి యుండడు. పదమూడవ శతాబ్దమున పెన్న యొడ్డున నెల్లూరేలిన మనుమసిద్ధికి ఆయన మంత్రి, దండనాథుడు. భారతమున పదునేను పర్వములు తెనిగించిన తిక్కన సోమయాజికి దాయాది. పసులమేతకై నెల్లూరు సీమకు వచ్చిన కాటమరాజుతో పుల్లరి విషయమై తగవు పుట్టి, అది యుద్ధమై, ఆ యుద్ధమున సేన విరుగగా తిక్కన యిల్లు చేరెనట. ఇల్లాలు స్నానమునకు నీళ్లు తోడి, ఆడవారికి వలె మంచము చాటు పెట్టి, దానిప్రక్క పసుపుముద్ద యుంచెనట. తల్లి అన్నములో విరిగిన పాలు పోసెనట. ఆయన సిగ్గుపడి మరల యుద్ధభూమికేగి అక్కడనే ప్రాణములు విడిచెనని కథ.

వినుటకు రక్తి గట్టు కథయే. కాని, సోదరీమణులారా, ఇందులో పసుపుముద్దకు పనియేమో ఒక్కసారి యోచింపుడు. పిరికితనమునకు గుర్తుగా అది యక్కడ నుంచబడినది. మనము శుక్రవారము ముఖమునకు పూసికొనునది, గడపకు రాచునది, పురుషుని హేళన చేయవలసి వచ్చినప్పుడు అక్కరకు వచ్చినది! ఇంకొకటి. తెల్లవారిన తరువాత ఆ తల్లియు ఆ యిల్లాలును ఏమైరో, ఆ యింట ఎవరు దీపము పెట్టిరో కథ చెప్పువారికి అక్కరలేదు. వీరుడు పడినతోడనే కథ ముగిసినది. మిగిలిన బ్రతుకంతయు బ్రతుకవలసినవారు కథకు వెలుపల నిలిచిపోయిరి.

మన లాక్షణికులు వీరత్వమును ఇంత యిరుకుగా తలపలేదు. వీరరసమునకు స్థాయిభావము క్రోధము కాదు. క్రోధము రౌద్రమునకు చెల్లును. వీరమునకు స్థాయి ఉత్సాహము. ఈ మాటకు నేడు పండుగనాటి సంబరమని యర్థము స్థిరపడినది గాని, శాస్త్రమున దాని యర్థము వేరు: తలపెట్టిన పనియందు సడలని పూనిక. ఆ పూనిక యుద్ధమున నుండవచ్చును, దానమున నుండవచ్చును, దయయందును ధర్మమందును ఉండవచ్చును. కావుననే సాహిత్యదర్పణకారుడు యుద్ధవీరునితోపాటు దానవీరుని, దయావీరుని, ధర్మవీరుని గూడ లెక్కించెను. స్థాయి యనగా నిలుచునది. వచ్చిపోవు భావములకు సంచారులని వేరే పేరున్నది. ఒక్క నిమిషమున తెగించి మంటలో దూకినవానిని లోకము మెచ్చును, మెచ్చవలసినదే. అయినను రేపును, ఎల్లుండియు, ఎవరును చూడని దినమునను అదే పనికి మరల చేయి వేయువారియందే ఆ స్థాయి యను మాట నిండుగా సార్థకమగునని మా తలంపు. అట్టివారు కావ్యములలో కంటె మన యూళ్లలో హెచ్చుగా నున్నారు.

గోదావరి పాయల నడుమ, కోనసీమలో, లంకల గన్నవరమను గ్రామము గలదు. 1841లో మండపేటలో పుట్టిన సీతమ్మగారు డొక్కా జోగన్నగారి యిల్లాలై ఆ యూరికి వచ్చి, 1909లో కన్నుమూయువరకు, వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. డొక్కా సీతమ్మగారన్న గోదావరి మండలములలో నేటికిని తెలియనివారు లేరు. ఆ కాలమున ఆ త్రోవన పోవుట సులభము కాదు. పాయ పాయకు పడవ దాటవలెను. వరద యుండిన రేవున పడిగాపులు పడవలెను. అంతర్వేది పోవు యాత్రికుడు ఏ జామునకు ఊరు చేరునో అతనికే తెలియదు. ఏ జామున చేరినను సీతమ్మగారి యింట పొయ్యి రాజునని మాత్రము నమ్మకము. వచ్చినవారిని కులమేదని ఆమె యడుగలేదని చెప్పుదురు.

అన్నపూర్ణయని పేరు పెట్టి చేతులు జోడించుట సులభము. వంట చేయువారము గనుక మనము కొంచెము లోనికి తొంగి చూడవలెను. అర్ధరాత్రి పదిమంది వచ్చి తలుపు తట్టిరనుకొందము. శ్రావణమాసపు ముసురు. కట్టెలు తడిసియుండును. నివురు గప్పిన నిప్పును గొట్టముతో ఊది ఊది రాజవేయవలెను, కన్నులు మండును. ఇంటిల్లిపాదికి వండుట వేరు, పదిమందికి గుండిగ దింపి గంజి వార్చుట వేరు. ఆవిరి ముంజేతిని కాల్చని నాడుండదు. ఇప్పటివలె సంచులలో బియ్యము వచ్చు కాలము కాదు. పగలు దంచియుంచినవి ఆ రాత్రికి చాలకున్న రోకలి పట్టవలసినదే. వారు తిని నడుము వాల్చిన తరువాత అంట్లు. తెల్లవారుజామున మరియొక పడవ. ఇది యొక దినము కాదు, ఒక పుష్కరము కాదు, ఆమె జీవితకాలము. ఇంత పని యొక్క చేతి మీదుగా జరిగినదని మేము నమ్మజాలము. దంచిన చేతులు, నీరు మోసిన చేతులు, ఎంగిలాకులెత్తిన చేతులు ఎన్నియో యుండవలెను. సీతమ్మగారిని తలచునప్పుడు వారికిని ఒక నమస్కారము చెల్లును.

అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమె యొకమారు బయలుదేరెనట. త్రోవలో ఒక పెండ్లివారి గుంపులోని పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని పెద్దలు వారిని సముదాయించుచుండుట ఆమె చెవిని పడెనట. వెంటనే దైవదర్శనము మాని వెనుదిరిగి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, పొయ్యి వెలిగించెనని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆమెకు పిలుపు వచ్చెననియు, ఆమె పోలేదనియు మరియొక కథ. దీనినే అందరు మెచ్చుకొని చెప్పుదురు. మాకు మాత్రము చక్రవర్తి పిలుపును మానుటకంటె స్వామి దర్శనమును మానుటయే గొప్పగా తోచును. చక్రవర్తి కొలువు ఆమె కోరినది కాదు. అంతర్వేది కోరినది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఇట్టి కథలను ఆడపిల్లలకు చెప్పి, కావున స్త్రీకి ఓర్పే వీరత్వమని చివర ముడివేయు పెద్దలు గలరు. మేమీ ముడి నొప్పుకొనము. సీతమ్మగారు ఓర్చుకొన్నది పనిని. ఆ పని ఆమె కోరి తల కెత్తుకొన్నది. వెనుక భర్త సమ్మతియు, పండు పొలమును ఉండినవి. త్రాగి వచ్చిన మగని తన్నులు తిని, కూలిడబ్బులు అతని చేతిలో పెట్టి, పిల్లలను పస్తు పండుకొనబెట్టు ఇల్లాలిని చూచి, ఆమె సాక్షాత్తు భూదేవి యని పొగడుట యేమి మెచ్చుకోలు? అది ఖర్చులేని పొగడ్త. పొగడినవాడు ఆ యింటికి ఒక సోలెడు బియ్యమైన పంపడు. భూదేవి పేరెత్తువారు భూకంపమను నొకటి యున్నదని మరచిపోవుదురు కూడ.

ఆ భూకంపమెట్లుండునో 1992లో నెల్లూరు జిల్లా చూచినది. దానికి కారణమైనవారిలో ఒకతె మరియొక సీతమ్మ. ఈమె మనిషి కాదు, పాఠము. 1990 తరువాతి సంవత్సరములలో ఆ జిల్లాయందు అక్షరదీపమను పేర వయోజనులకు చదువు చెప్పు ఉద్యమము నడచెను. పగలెల్ల నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన స్త్రీలు రాత్రి పలక పట్టిరి. వారి వాచకములో సీతమ్మ కథ యని యొక పాఠముండెను. సారాయి వలన కష్టములపాలైన పేదరాలి కథ. మా యింటివారు బడిపంతులు. అక్షరము నేర్చుట యెట్లుండునో మేము నిత్యము చూతుము. పసివాడు అమ్మ, ఆవు అని కూడబలుకుకొని చదువును, వానికది ఆట. నలుబదియేండ్ల స్త్రీ వ్రేలితో అక్షరమక్షరము తడవుచు చదివి, చదివిన వాక్యము తన యింటి సంగతియేయని కనుగొన్నప్పుడు అది ఆట కాదు. ఇంతకాలము తన నుదుటివ్రాత యనుకొన్నది అచ్చులో కనబడినది. అచ్చులో నున్నదన్న తన యొక్క యింటిదే కాదన్నమాట.

అప్పటికి సారాయి వారి వాకిటికే వచ్చుచుండెను. వారుణివాహిని యను పేర ప్రభుత్వమే సారాయిని ప్లాస్టిక్ సంచులలో నింపించి అమ్మించెడిది. వారుణి యనగా పాలకడలి చిలికిననాడు పుట్టిన మద్యదేవత. పేరు పెట్టినవారికి పురాణజ్ఞానము లేకపోలేదు! ఆ సంచి చొక్కాజేబులో పట్టును. పొలముగట్టున విప్పి త్రాగవచ్చును. మంచినీళ్లు రాని యూరికి సారాయి మాత్రము తప్పక వచ్చునని ఆ దినములలో స్త్రీలు చెప్పుకొనుచుండిరి. మగని కూలియే కాక ఆడుదాని కూలియు, కోడియు, కోడిపెట్టిన గ్రుడ్డును ఆ సంచికిందికి పోవుచుండెను.

కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు ముందుగా కదలిరి. వారిలో రోశమ్మ యనునామె పేరు తరువాత దూరదూరములకు వినబడినది. వారు గుంపుగా నిలిచి, సారాయి తెచ్చువారిని ఊరిలోనికి రానీయక, అంగడి మూయించిరి. ఈ సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠమై, చదువు నేర్చుకొను ఇతర గ్రామముల స్త్రీల చేతికి పోయెను. ఒక యూరి పని మరియొక యూరి పాఠము, ఆ పాఠము మరల పని. సుమారు 5,000 గ్రామముల స్త్రీలు సభలు చేసి, మద్యము నిషేధింపవలెనని తీర్మానములు వ్రాసి కలెక్టరునకు పంపిరి. నెల్లూరు జిల్లాలో సారాయి వేలము 17 మారులు వాయిదా పడినది.

కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలందరు తలలు వంచుకొనిరి గదా. ఈ స్త్రీల ప్రశ్నకును చాలకాలము సరియైన బదులు రాలేదు. మా కూలిడబ్బు లేనిదే రాష్ట్రము నడువదా యన్నదే వారి మాటల సారము. నడువదనియే ప్రభుత్వము తలచినది; మద్యముపై రాబడి వందల కోట్లు. వీరి చేతిలో నున్న ఆయుధములు చూడుడు: చీపురుకట్ట, కారప్పొడి. ఆ నెల్లూరు సీమలోనే ఒకనాడు పసుపుముద్ద పిరికితనమునకు గుర్తయినది. దాని ప్రక్కడబ్బాలోని కారము ఇప్పుడు ఊరి మొగదల కాపలా కాచినది.

ఇంతవరకు పత్రికలు వ్రాసినవే. మేము చెప్పదలచినది దీని వెనుక నున్నది. కాటమరాజు వేరొక సీమవాడు. అతనిపై కత్తి దూసినవాడు సాయంకాలమునకు తనవారి నడుమకు వచ్చి చేరును. దూబగుంట స్త్రీకి అట్టి శిబిరమేది? సారాయి బండికి అడ్డము నిలిచిన యామె దీపాలవేళకు ఏ యింటికి పోవలెను? ఆ సారాయికై కాచుకొనియున్న మగడుండు యింటికే. అతడు శత్రువా యనిన, కాడు. పిల్లల తండ్రి, త్రాగని పూట మంచివాడే యని ఆమెయే చెప్పును. అతనిని విడిచిపెట్టదు, అతనిని పట్టినదానిని విడిపింపవలెను. ఇంత చిక్కు యుద్ధము ఏ పర్వములోను లేదు. నలుగురిలో పరువు తీసితివని మగడు చేయి యెత్తవచ్చును, అత్తగారు గొణుగును, అంగడి పాడుకొన్నవాని మనుషులు మరునాడు పొలముదారిలో ఎదురుపడుదురు, అక్కరకు అప్పిచ్చిన ఆసామియే వారికి చుట్టము కావచ్చును. పసిబిడ్డను చంకనెత్తుకొని రోడ్డుమీద నిలిచిన పూట కూలి పోవును. కూలి పోయిన పూట పొయ్యిలో పిల్లి లేవదు. ఇన్నియు తెలిసి ఆమె మరునాటి సాయంకాలము మరల అక్కడికే వచ్చి నిలిచినది. ఒక్క రాత్రి పుట్టి చల్లారిన కోపమైనచో రౌద్రమని యూరకుందుము. నెలల తరబడి నిలిచినదానికి ఉత్సాహమను శాస్త్రపుమాటయే తగియున్నది.

ఫలితము కూడ చెప్పవలెను గదా. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాయందును, ఆ యేటి అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది. 1995 జనవరి 16నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధమును సడలించిరి. ఖజానా ఒట్టిపోయినదని కారణము చెప్పిరి. కొందరు దీనిని చూపి, అంత గొడవ చేసి ఆడవారు సాధించినదేమని పరిహసింతురు. పద్మవ్యూహమునుండి తిరిగి రాలేదని అభిమన్యుని పరిహసించినవారిని మేమెరుగము. అదిగాక, పేరు వ్రాయుట రానిచోట వ్రేలిముద్ర వేసినవారు తీర్మానము వ్రాసి కలెక్టరు బల్లమీద పెట్టిరి. ఆ అక్షరములను ఏ ప్రభుత్వ ఉత్తరువును సడలింపజాలదు.

ఇట్టివారు స్త్రీలలోనే గలరని కాదు. వానలో, ఎండలో రైలుపట్టాల వెంబడి నడచి, వదులైన బిగింపులను బిగించుకొని పోవు గ్యాంగుమను ఎన్ని వేలమందిని కాపాడెనో అతనికే తెలియదు. బండిలో నిద్రించువారికి అసలే తెలియదు. గాలివాన వెలసిన మరునాడు విద్యుత్తు స్తంభమెక్కువాడును అంతియే. అతని యింట దీపము వెలుగునది అందరి తరువాతనే.

2005లో మొదలైన పథకము వలన మన యూళ్లలో ఆశా కార్యకర్తలేర్పడిరి. గర్భిణిని ఆసుపత్రికి చేర్చుట, పిల్లలకు టీకాలు గుర్తుచేయుట వారి పని. 2020లో కరోనా వచ్చినప్పుడు, అందరు తలుపులు బిగించుకొన్న కాలమున, ఇంటింటికి పోయి జ్వరమున్నదా, దగ్గున్నదా యని యడిగినవారు వీరు. కొన్ని వాకిళ్లలో వీరికి తిట్లు దొరికినవి. తమ యింటికి రోగము తెత్తురేమోనని ఇరుగుపొరుగు దూరము జరిగిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలను, పది లక్షలకు పైబడినవారిని, సత్కరించినది. అయినను లెక్కలలో వారు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. వారికిచ్చునది జీతము కాదు, పారితోషికము. మాటలతో మర్యాద చేయుటలో మనవారికి సాటి లేరు.

మరల అన్నము సంగతికి వత్తము. బడులలో వండిన అన్నము పెట్టవలెనని 2001లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించగా, 2003 జనవరినుండి మన బడులలో మధ్యాహ్న భోజనము మొదలైనది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. పేరు తగినదే, మాకు సంతోషమే. ఆ పేరుక్రింద నిలిచి వండువారిని గూడ చూడుడని మా ప్రార్థన.

వారు మీ వీధి చివరి యిండ్లవారే. తెల్లవారుజామున తమ యింటి పని ముగించుకొని, బడిగంట కొట్టునప్పటికి కూరలు తరుగుచుందురు. బియ్యము ప్రభుత్వమిచ్చును, కూరగాయలకు, పోపుదినుసులకు ముందు తామే పెట్టవలెను. బిల్లు వచ్చువరకు కిరాణాకొట్టులో పద్దు పెరుగుచుండును. ఒక నెల రాకున్న రెండవనెల కొట్టువాని ముఖము మారును. పిల్లలకు ఆ సంగతి తెలియదు. పప్పు పలుచనైనదని మాత్రము తెలియును. వీరి గౌరవవేతనము నెలకు 1,000 రూపాయలని 2009లో కేంద్రము నిర్ణయించినది. ఆంధ్రప్రదేశమున 2019లో అది 3,000 అయినది. వంటగది యున్న బడి కొంత నయము. లేనిచోట రేకు చాటున, వేపచెట్టు క్రింద, మూడు రాళ్లపై గుండిగ యెక్కును. వాన వచ్చినచో ఒకరు పొయ్యి చూతురు, ఒకరు మూతపై గోనెపట్టా పట్టుకొని నిలుతురు. ఇంట కాచుకొనుటకు ఏమియు లేని పిల్లలు ఎవరో, మొదటి వాయి ఎవరికి హెచ్చుగా వేయవలెనో పంతులుకంటె వారికే బాగుగ తెలియును. అట్టి పిల్లవాడు రాని దినమున, అన్నీ దింపిన తరువాత, ఒకామె కొంగు నడుమున దోపుకొని వాని యింటికి పోయి పిలుచుకొని వచ్చుట మేము చూచితిమి. అది ఆమె పనులలో వ్రాసియున్నది కాదు.

పిల్లలు తిని లేచిన తరువాత గుండిగ యడుగున మిగిలినచో వారును తిందురు. మిగులకున్న గుండిగలు తోమి బోర్లించి, ఇంటికి పోయి వండుకొందురు.